ఒకటో నంబరు బిళ్ల

ఆ రోజు ప్రతిభ కొత్త ఉద్యోగంలో చేరాలి. చంద్రపూర్‌లోనే ఒక రక్తపరీక్షల ల్యాబ్, తొమ్మిది నుంచి అయిదు దాకా పని. అయిదేళ్ల కొడుకు శ్రేయస్‌ను అంతసేపు ఎవరు చూడాలన్న దాని మీద ఇంట్లో పది రోజులుగా చర్చ నడుస్తోంది. పగటిపూట పిల్లల్ని చూసుకునే పాళణాఘర్ ఒకటి వీధి చివర సుభాషిణి నడుపుతోంది. అందులో ఒక్క సీటు మిగిలింది. సాయంత్రం ఆరులోగా చెప్పకపోతే అది ఇంకొకరికి పోతుంది.

"ఒక్క దినం నాకిచ్చి చూడు బిడ్డా," అన్నాడు మామగారు రాజలింగు. "పొద్దుమీకి ఏమన్న తేడా వస్తె తోల్కపోయి పాళణాఘర్ల ఎయ్యి. నేను నోరెత్తితె అడుగు."

రాజలింగు బొగ్గుగనిలో ముప్పై ఒక్క ఏళ్లు ల్యాంప్ రూమ్ చూశాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ దీపంతో పాటు నంబరు కొట్టిన బిళ్ల ఇవ్వాలి. మనిషి పైకి రాగానే బిళ్ల తీసుకుని దాని కొక్కేనికి తగిలించాలి. కొక్కెం ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. అన్నేళ్లలో ఆయన చేతి మీద ఒక్క బిళ్ల పోలేదు. పోయిందల్లా సొంత కొడుకు విఠల్ చిన్నతనం. తను డ్యూటీకి వెళ్లేటప్పుడు వాడు నిద్రలో ఉండేవాడు, వచ్చేసరికి మళ్లీ నిద్రలోనే ఉండేవాడు. మనవడినైనా మెలకువగా ఉండగా చూసుకోవాలని ముసలాయనకు గట్టి ఆశ. ఆ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్య సత్తమ్మకు చెప్పాల్సిన పని లేదు.

అందుకని గోల్ బజార్‌లో తెలిసిన కొట్టు నుంచి తొమ్మిది కూలర్ల అట్టపెట్టెలు తెచ్చి, అడుగులు కోసి, ఒకదానికొకటి టేపుతో అంటించాడు. ముందుగదిలో మొదలైన సొరంగం వరండాలో మలుపు తిరిగి నులకమంచం కింద తేలింది. మంచం మీద బొంతలు కప్పాడు. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ కాబట్టి కూలర్‌ను సొరంగం నోటికి పెట్టి గాలి సరఫరా ఏర్పాటు చేశాడు. నూనె డబ్బా రేకు కోసి పది బిళ్లలు చేసి, నంబర్లు కొట్టి, కొక్కేలు దిగ్గొట్టిన చెక్కబోర్డుకు తగిలించి, పక్కనే ఒక రిజిస్టరు పెట్టాడు. వచ్చే పిల్లలందరికీ తలా ఒక టార్చి బహుమతి.

"పిల్లలకు ఎవలన్న బొమ్మలిస్తరు. బిళ్లలిస్తరా?" అంది సత్తమ్మ.

"బొమ్మ గంటల ఇరుగుతది. డ్యూటీ ఇరుగుతదా?"

రాజలింగు వెనక్కు వెళ్లి కూలర్‌కు నీళ్లు తోడుతుండగా గుమ్మంలో శ్రేయస్ తల్లి కొంగు పట్టుకున్నాడు. "మమ్మీ, నువ్వు ఒక్కపారి గనిల దిగాలె. లేకుంటె నేను ఏడుస్త." బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. ప్రతిభ ఇస్త్రీ చీర మోకాళ్ల దాకా ఎత్తిపట్టి మొదటి పెట్టెలోకి పాకి, వెనక్కి పాకి, కొడుకు చేతిలో పెట్టిన ఒకటో నంబరు బిళ్లను పర్సులో పడేసుకుని పరుగెత్తింది.

తర్వాత పక్కిళ్ల పిల్లలు అయిదుగురు వచ్చారు. శ్రేయస్‌తో కలిపి ఆరుగురు. బిళ్లలు పంచే పని శ్రేయస్‌దే. సత్తమ్మ ఆలుగడ్డలే బొగ్గు. పిల్లలు వాటిని బొంతల కింద నుంచి తవ్వి సంచుల్లో బయటికి లాగారు, రాజలింగు తూచి మళ్లీ లోపలికి పంపాడు. మధ్యాహ్నం పప్పన్నాన్ని క్యాంటీన్ భోజనమని చెబితే ఒక్క మెతుకు మిగల్చలేదు. టీవీ అడిగినవాడు లేడు. రాజలింగు మీసం దువ్వుకున్నాడు.

నాలుగు గంటలకు విజిల్ వేశాడు. ఆరుగురు వచ్చారు, ఆరు బిళ్లలు తగిలించారు. ఒకటో నంబరు కొక్కెం మాత్రం ఖాళీగా ఉంది.

రాజలింగు రెండుసార్లు లెక్కపెట్టాడు. వంగి టార్చి వేశాడు. మలుపు అవతల మంచం మీది బొంతలు కూలిపోయి దారి మూసుకుపోయింది.

"లోపల ఎవలున్నరురా?" అని మనవడిని అడిగాడు.

"మమ్మీ," అన్నాడు శ్రేయస్.

"అయ్యో, పోరనికి తల్లి యాదికొస్తున్నది!" అంటూ సత్తమ్మ వాడి చేతిలో బిస్కెట్ పెట్టింది. మళ్లీ అడిగితే మళ్లీ మమ్మీ అన్నాడు. మళ్లీ బిస్కెట్ వచ్చింది. అది చూసి మిగతా అయిదుగురూ మమ్మీ అన్నారు. పొట్లం ఖాళీ అయింది, సాక్ష్యం అక్కడితో ఆగింది.

"గా పెట్టెలు ఎత్తి అవుతల పారేస్తె అయిపాయె గదా!" అంది సత్తమ్మ.

"మనిషి లోపలుండంగ పైకప్పు ముట్టుకోవద్దు. రూలు!" అని రాజలింగు అటక మీది చేతి సైరన్ దించాడు. గనిలో కొత్తది వచ్చినప్పుడు తుక్కు కింద కొనుక్కున్నది. పిడి పట్టి తిప్పాడు.

బొగ్గు పనివాళ్ల బస్తీలో సైరన్ వేళ కాని వేళ మోగితే ఎవరూ ఎందుకని అడగరు, ఉరుకుతారు. అయిదు నిమిషాల్లో వాకిలి నిండింది. తల్లులు ఎవరి పిల్లల్ని వాళ్లు వెతికి పట్టుకున్నారు. అందరి పిల్లలూ దొరికారు. దాంతో భయం రెట్టింపయింది.

"మన పోరలు కాకుంటె మరి ఎవల పోరడు? పాపం, వాని అవ్వయ్యకు తెల్వనే తెల్వదు!" అంది ఎదురింటి నర్సక్క. పొద్దున ఎర్రచొక్కా పిల్లవాడొకడు ఇటు రావడం చూసినట్టుందని కూడా అంది. నాలుగున్నరకు ఆ పిల్లవాడికి ఆరేళ్లు వచ్చాయి. పావు తక్కువ అయిదుకు మూగవాడని తేలింది. అందుకే పిలిస్తే పలకడం లేదని అందరూ ఒప్పుకున్నారు. ఇద్దరు ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

అప్పుడు ఆశన్న వచ్చాడు. ఒకప్పుడు గని రెస్క్యూ దళంలో పేరు మోసినవాడు. ఇప్పుడు నూటపది కిలోలు.

"బిళ్ల తీస్కొని దిగు ఆశన్నా!" అన్నాడు రాజలింగు.

"పానం పోతుంటె నీ బిళ్ల ఏందయ్యా!" అని ఆశన్న తల దూర్చాడు. మూడో పెట్టె చిన్న కూలర్‌ది. అక్కడ ఆయన ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. రెండు పాదాలు మాత్రం బయట కనిపిస్తున్నాయి.

అయిదున్నరకు ప్రతిభ ఆటో దిగింది. సీటు సంగతి కనుక్కుందామని సుభాషిణి కూడా అప్పుడే వచ్చింది. జనం దారి ఇచ్చారు. రాజలింగు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఒక మనిషి తక్కువైండు బిడ్డా. నాతోని కాలే. పోరన్ని పాళణాఘర్ల ఏసెయ్యి."

ప్రతిభ శ్రేయస్‌ను కళ్లతో వెతికి, కనబడ్డాక ఊపిరి పీల్చుకుని, చెమట తుడుచుకోవడానికి పర్సులోంచి రుమాలు లాగింది. రేకుబిళ్ల ఒకటి టంగుమని నేల మీద పడింది.

"మమ్మీ బయటికొచ్చింది!" అని శ్రేయస్ దాన్ని ఏరుకుపోయి ఒకటో కొక్కేనికి తగిలించాడు. "నేను చెప్తనే ఉన్న!"

ఎర్రచొక్కా పిల్లవాడి కోసం ఏడ్చినవాళ్లు కొంగులు సర్దుకున్నారు. రాజలింగు తల ఎత్తలేదు.

"మరి సీటు రాసుకోమంటవా ప్రతిభా?" అంది సుభాషిణి.

ప్రతిభ బోర్డు వైపు చూసింది, మామగారి వైపు చూసింది. "వద్దక్కా. ఒక్క రేకుబిళ్ల తక్కువైతె బస్తీనంత లేపిండు మా మామ. నా కొడుకును ఇంతకన్న పక్కా లెక్క పెట్టెటోళ్లు నాకు యాడ దొరుకుతరు?"

"ఇంట్ల గని తవ్వెటోళ్లు గూడ దొరకరు," అంది సత్తమ్మ. రాజలింగు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. పోతూ పోతూ సుభాషిణి అలాంటి బోర్డు తనకూ ఒకటి చేసివ్వమని అడిగింది.

రాజలింగు బిళ్లలు మరొక్కసారి లెక్కపెట్టాడు. పదికి పది ఉన్నాయి. లోపల ఎవరూ లేరని రిజిస్టరులో రాసి, సంతకం చేసి, సైరన్ ఒక్కసారి పొడుగ్గా తిప్పాడు. జనం ఇళ్లకు వెళ్లారు, ఇంటివాళ్లు టీకి లోపలికి వెళ్లారు.

బిళ్ల తీసుకోకుండా దిగిన ఆశన్న, రిజిస్టరు ప్రకారం, అసలు దిగనే లేదు.