మూడు పచ్చల బోర్డు

మాధవరంలోని శ్రీ సుగుణా మెట్రిక్యులేషన్ పాఠశాలలో, సర్వర్ నడుస్తున్నదీ లేనిదీ తెలిపే దీపాల బోర్డును ఒక శుక్రవారం ఉదయం, రాహుకాలం రాకముందే ప్రారంభించారు. సర్వర్‌ను మాత్రం ఎన్నడూ ఎవరూ ప్రారంభించలేదు. అది తనంతట తానే ఆగుతూ, తనంతట తానే లేస్తూ ఎనిమిదేళ్లుగా సేవలందిస్తున్నది.

బోర్డు చేసినది కంప్యూటర్ టీచర్ హేమమాలిని. మెట్ల కింద గదిలో, విరిగిన బెంచీల మధ్య ఉండే ఆ సర్వర్ ఆగినప్పుడల్లా పిల్లల హాజరూ మార్కులూ గల్లంతయ్యేవి. ఆమె మళ్లీ మొదటి నుంచీ ఎక్కించేది. కొత్త సర్వర్ కోసం మూడు అర్జీలు పెట్టుకుంటే, సమస్య కంటికి కనిపించడం లేదని కరస్పాండెంట్ చెంగల్రాయుడుగారు మూడింటి మీదా రాశారు. సరే, కనిపించేలా చేద్దామని ఆమె ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కు పోయి, అగ్గిపెట్టెలో పట్టే చిప్పు ఒకటీ, కొన్ని ఎల్ఈడీ దీపాలూ కొనుక్కొచ్చింది. మధ్యలో తీగ లేదు. చిప్పు వైఫైలో నిమిషానికోసారి సర్వర్‌ను హాజరు పిలుస్తుంది. పలికితే ఆకుపచ్చ, ఆలస్యంగా పలికితే పసుపు, పలక్కపోతే ఎరుపు.

కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, బోర్డుకు మల్లెదండ వేసి చెంగల్రాయుడుగారు స్విచ్ నొక్కారు. బోర్డు ఎర్రగా వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అర్థం తెలిసిన హేమమాలిని ఒక్కతే కొట్టలేదు. ఆ లోపం తర్వాత ఆమె ఫైలులో నమోదైంది.

ఎరుపుకు అర్థమేమిటో తెలిశాక కూడా చెంగల్రాయుడుగారు కోప్పడలేదు. “ఏమ్మా, అడ్మిషన్ల టైంలో వాకిట్లో ఎర్రదీపం పెడితే పేరెంట్స్ ఏమనుకుంటారు? ఈడ ఏదో ఆగిపోయుండాదని అనుకోరా?”

“ఆగిపోయే ఉంది సార్.”

“ఉంటే ఉండనీ. ఆ మాట దీపం చెప్పాల్నా?”

వెంటనే రంగుల నిర్ణయ సంఘం ఏర్పడింది. డ్రిల్ మాస్టారి అధ్యక్షతన మూడుసార్లు సమావేశమై, నాలుగు ప్లేట్ల బోండాలు ముగించి, ఏకగ్రీవంగా తీర్మానించింది: ఇకమీదట సర్వర్ నడిస్తే ఆకుపచ్చ, నెమ్మదిస్తే చిలకపచ్చ, ఆగితే ముదురాకుపచ్చ. శాస్త్రానికీ శుభానికీ ఇంత చక్కగా సంధి కుదిర్చినందుకు సంఘానికి శాలువాలు కప్పారు. బోర్డు చేసిందని హేమమాలినికీ ఒకటి కప్పారు. పచ్చదే.

బోర్డు పేరు ఊరంతా పాకింది. తల్లిదండ్రులు దాని ముందు నిలబడి ఫోటోలు దిగారు. చుట్టుపక్కల అయిదు బడులు తమకూ అలాంటిదే కావాలన్నాయి. వాటిలో రెండింటికి అసలు సర్వరే లేదు. ఆ రెండు బోర్డులూ అన్నిటికన్నా నిలకడగా వెలిగాయి.

ఇలా ఉండగా ప్లస్ టూ ప్రాక్టికల్ మార్కులు పరీక్షల శాఖకు పంపే రోజు వచ్చింది. ముప్ఫై ఎనిమిది మంది పిల్లలవి. సాయంత్రం అయిదులోగా బడి సర్వర్ నుంచే వెళ్లాలి, వేరే దారి లేదు. వెళ్లకపోతే పిల్లలు పరీక్షకు రానట్టే లెక్క. అంటే ఆ ఏడు పోయినట్టే.

మూడింటికి బోర్డు ముదురాకుపచ్చగా మారింది. హేమమాలిని పరుగున పోయేసరికి చెంగల్రాయుడుగారు వేరే బడుల పెద్దలతో బోర్డు పక్కనే ఫోటో దిగుతున్నారు. మెట్ల గది తాళాలు ఆయన జేబులోనే ఉంటాయి.

“సార్, తాళాలు కావాలి. సర్వర్ ఆగిపోయింది.”

ఆయన తలెత్తి చూశారు. “పచ్చగానే ఉండాది కదమ్మా?”

“అది ముదురాకుపచ్చ సార్.”

“ముదురైతే ఇంకా మంచిదే కదా. అతిథులు ఉండారు, తర్వాత మాట్లాడదాం.”

అతిథులు అయిదుంబావుకు వెళ్లారు. అయిదూ ఇరవైకి సర్వర్ తనంతట తానే లేచింది.

వారం తిరగక ముందే ముప్ఫై ఎనిమిది మందీ గైర్హాజరని కాగితం వచ్చింది. తల్లిదండ్రులు గేటు తోసుకుని వచ్చారు. చెంగల్రాయుడుగారు తొణకలేదు. అందరినీ బోర్డు ముందుకు నడిపించి, ఆ రోజు దిగిన ఫోటోలను తేదీతో, గంటతో సహా చూపించారు. అన్నిట్లోనూ పచ్చే. జనం చల్లబడ్డారు. చల్లబడి, పిల్లల వైపు తిరిగారు.

పాల కాలనీలో టిఫిన్ బండి నడిపే పంకజం, కూతురు సింధూరి చెయ్యి పట్టుకుంది. “ప్రాక్టికల్ పొద్దు యాడికి పోయినావే?”

తాను వచ్చానని, కెమిస్ట్రీ ప్రాక్టికల్లో మొదటిసారికే ద్రావణానికి గులాబీ రంగు తేలిందని సింధూరి చెప్పుకుంది. హేమమాలిని మార్కుల కాగితం తెచ్చి చూపించింది. “ఇదిగోమ్మా, పూర్తి మార్కులు. నీ బిడ్డ వచ్చింది. రానిది సర్వర్.”

పంకజం కాగితం చూసింది. తలెత్తి బోర్డూ చూసింది. “నువ్వు పిల్లలను వెనకేసుకొస్తావు మిస్. దీపానికి అబద్ధం చెప్పే పనేముండాది?”

గైర్హాజరుకు క్షమాపణ కోరే పత్రాలను ఆఫీసువారు ముందే అచ్చు వేయించి ఉంచారు. సంతకం పెడితే వచ్చే ఏడు మళ్లీ చేర్చుకుంటారు. ముప్ఫై ఏడు మంది పెట్టేశారు. సింధూరి సంతకం పెట్టకుండా, పెన్ను పట్టుకునే హేమమాలిని దగ్గరకు వచ్చి, ఎవరికీ వినిపించకుండా అడిగింది.

“మిస్, ఆ రోజు నేను నిజంగానే వచ్చినానా?”