తొంభై ఏళ్ళ బుడుంగు

ప్రపంచ ప్రఖ్యాత కార్టూన్ దున్నపోతు బుడుంగు గారి తొంభయ్యో జన్మదినోత్సవం సబ్బుల ఫ్యాక్టరీ సమావేశ మందిరంలో అత్యంత వైభవంగా జరిగింది. బుడుంగు గారు పుట్టి అప్పటికి సరిగ్గా ఏడు నెలలు. ఈ రెండు వాక్యాలకూ పొత్తు కుదరడం లేదని ఎవరికైనా అనిపిస్తే, ఆ లోపం వారి చరిత్ర పరిజ్ఞానంలో ఉన్నదని మనవి.

బుడుంగును గీసినవాడు ఆ ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా సబ్బు రేపర్ల మీద బొమ్మలు వేస్తున్న చిత్రకారుడు. అందరూ ఆయన్ను రేపర్లాయన అంటారు. ఆయన గీసిన గులాబీలూ నిమ్మకాయలూ లక్షల ఇళ్ళకు వెళ్ళాయి, వెళ్ళిన నిమిషంలోనే చిరిగి స్నానాలగది తూముకు అడ్డం పడ్డాయి. ఒక్కదాని మీదా ఆయన సంతకం లేదు. సబ్బు కాగితం మీద సంతకమేమిటని నవ్విపోతారని ఆయన ఎన్నడూ అడగనూ లేదు.

ఏడు నెలల క్రితం ఒక సెలవురోజు మధ్యాహ్నం అక్క ఉతికిన బట్టలు మడతపెడుతుంటే, ఎదురుగా కూర్చుని ఆయన ఒక దున్నపోతును గీశాడు. గుండ్రటి పొట్ట, రబ్బరు గొట్టాల్లాంటి కాళ్ళూ చేతులూ, తెల్ల గ్లవుజులు, కొమ్ముల మధ్య ఇరుక్కున్న బుల్లి టోపీ. బురదలోంచి లేచి, ఎదురుగా సబ్బు కనబడేసరికి మెలికలు తిరిగిపోతోంది. అక్క చూసి చేతిలో దుప్పటి జారవిడిచి పకపకా నవ్వింది.

"ఒరేయ్, దీని సిగ్గు తగలెయ్య! కొత్త పెళ్ళికొడుకు కూడా ఇంత సిగ్గుపడడురా!"

రేపర్లాయనకు తన బొమ్మ చూసి ఒక మనిషి నవ్వడం ముప్ఫై ఒక్క ఏళ్ళలో అదే మొదలు. ఈ ఒక్కదాని మీద, మూలన, చీమంతైనా సరే, తన సంతకం ఉండి తీరాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

యజమాని ఆ బొమ్మ చూసి మురిసిపోయాడు. మురిసిన వెంటనే దిగులుపడ్డాడు.

"బ్రహ్మాండంగా ఉందయ్యా. కానీ కొత్తది. కొత్తదంటే జనం నూటొక్క ప్రశ్నలు వేస్తారు. పాతదైతే నోరెత్తకుండా దణ్ణం పెడతారు."

ప్రచార మేనేజరు ఆ మాటను సాయంత్రానికల్లా పథకం చేసేశాడు. చరిత్ర నిర్మాణ ఉపసంఘం ఏర్పడింది. బుడుంగు వయసెంత ఉండాలన్న దాని మీద మూడు గంటలు చర్చ జరిగింది. అరవై అంటే, అరవై ఏళ్ళవాళ్ళు ఊరినిండా ఉన్నారు, పట్టేస్తారు. వంద అంటే మరీ అబద్ధంలా వినిపిస్తుంది. తొంభై మర్యాదగా ఉందని ఏకగ్రీవంగా తీర్మానించారు.

"మరి గీసిందెవరని రాద్దామండీ?" అని రేపర్లాయన ఆశగా అడిగాడు.

"ఒక అజ్ఞాత మహాచిత్రకారుడు. పేరు పెట్టామంటే వారసులు దిగుతారు."

"నా సంతకం..."

"మీరు అప్పటికి పుట్టనే లేదు కదండీ!" అని మేనేజరు నొచ్చుకున్నాడు. "కంగారు పడకండి. ఉత్సవం రోజున నేనే మైకు పట్టుకుని అసలు సంగతి బయటపెడతాను. అందరూ హాయిగా నవ్వుకుంటారు. మీ పేరు మోగిపోతుంది చూడండి."

రేపర్లాయన నమ్మాడు. నమ్మడం ఆయనకు బాగా అలవాటైన పని.

తర్వాత చరిత్ర చకచకా జరిగిపోయింది. మహాచిత్రకారుడు కటిక పేదవాడయ్యాడు. ఆయన దగ్గుతో పోవాలా, మనసు విరిగి పోవాలా అన్నచోట ఉపసంఘం రెండుగా చీలింది, చివరకు రెండింటితోనూ పోయినట్టు రాజీ కుదిరింది. ఆయన పనిచేసిన స్టూడియోను మేనేజరు ఒక్క కలంపోటుతో తగలబెట్టాడు. "మొత్తం కాలిపోవాలి. కాలకపోతే చూపించమంటారు" అన్నాడు. పైకప్పుతో సహా కాల్చాక, నలభై కాగితాలూ, ఇరవై సెకన్ల ఫిల్మూ ఉన్న ఒక రేకు పెట్టెను మాత్రం దయదలిచి వదిలేశాడు.

ఆ నలభై కాగితాలనూ గీసే బాధ్యత సహజంగానే రేపర్లాయన మీద పడింది; వాటినే వరసగా ఫొటోలు తీసి ఫిల్ము చేశారు. ఆయన వంటింటి బల్ల మీద గీసేవాడు. అక్క చిక్కగా టీ డికాషన్ కాచి పళ్ళెంలో పోసి, కాగితాలు ముంచి తీసి, కిటికీలో ఆరబెట్టి, ముడతలు పోకుండా గోరువెచ్చగా ఇస్త్రీ చేసేది. కొవ్వొత్తితో అంచులు కాల్చడంలో ఆవిడకు ఎంత నైపుణ్యం వచ్చిందంటే, పదో కాగితానికి ఆవిడే తమ్ముణ్ణి కసిరేది. "నువ్వు చెయ్యి తియ్యి, అగ్నిప్రమాదం నాకొదిలెయ్!"

ఒకే ఒక పొరపాటు జరిగింది. పాత కార్టూన్లలో పని తగ్గుతుందని గ్లవుజులకు నాలుగు వేళ్ళే వేసేవారు. బుడుంగుకూ నాలుగే. ఇరవై మూడో కాగితం గీస్తుండగా డికాషన్ పొంగింది. అక్క కేక పెట్టింది. ఆ కంగారులో రేపర్లాయన ఎడమచేతికి అయిదో వేలు గీసేశాడు. మళ్ళీ గీసే ఓపిక లేక వదిలేశాడు.

పాత చలనచిత్రాల మీద మూడు డాక్టరేట్లు ఉన్న ఆచార్యుడు ఆ కాగితాలను భూతద్దంతో పరిశీలించి, అయిదో వేలు దగ్గర ఆగి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆ వేలు మీద రెండువందల పుటల గ్రంథం వెలువరించాడు. ఆకలితో చనిపోతూ కూడా ఒక వేలు ఎక్కువగా ఇచ్చి వెళ్ళిన మహాదాత అని చిత్రకారుణ్ణి కొనియాడాడు. మిగతా ముప్ఫై తొమ్మిదింటిలో ఆ వేలు కాలిన అంచుల్లో పోయిందని తేల్చి, అయిదో వేలు లేని బుడుంగు ఏదైనా నకిలీయేనని ప్రమాణం నిర్ణయించాడు.

ఇక ప్రజల సంగతి. మీ చిన్ననాటి బుడుంగు జ్ఞాపకాలు పంపండని ఫ్యాక్టరీ ప్రకటన వేస్తే, నాలుగువేల ఉత్తరాలు వచ్చిపడ్డాయి. బుడుంగును చూడగానే జ్వరం దిగిందని ఒకాయన రాశాడు. మొదటి సినిమా కంటే రెండోదే బాగుందని ఒకావిడ నొక్కి చెప్పింది. ఉపసంఘం అప్పటికి రెండో సినిమా కల్పించనే లేదు. ఇప్పటి పిల్లలు చూస్తున్నది అసలు బుడుంగే కాదని, తమ రోజుల్లో బుడుంగుకు విలువలుండేవని, ఒక రిటైర్డు హెడ్మాస్టరు పదకొండు పేజీల్లో తిట్టిపోశాడు. ఉత్తరాలన్నీ జ్ఞాపకాల పుస్తకంగా కుట్టి అద్దాల బీరువాలో పెట్టారు.

ఉత్సవం రోజున రేపర్లాయన కొత్త చొక్కా వేసుకుని, అక్కను వెంటబెట్టుకుని, ముందు వరసలో కూర్చున్నాడు. మేనేజరు మైకు పట్టుకున్నాడు.

"సోదరసోదరీమణులారా! మన తాతలు బుడుంగును చూసి నవ్వారు. మన తండ్రులు బుడుంగును చూసి స్నానం చేశారు. ఇంతటి మహత్తర వారసత్వాన్ని మోస్తున్న సబ్బు ఇంకొకటి ఉందా?"

లేదని సభ అరిచింది. మేనేజరు కళ్ళు చెమర్చాయి. అసలు సంగతి బయటపెట్టకుండానే కూర్చున్నాడు. మోసం చేశాడని అనుకోకూడదు, పాపం నిజంగానే మరిచిపోయాడు.

రేపర్లాయనకు ఒళ్ళు మండింది. జీవితంలో మొదటిసారి, ఎవరూ పిలవకుండా వేదిక ఎక్కాడు.

"అయ్యా, ఇదంతా ఉత్తిదే. ఆ దున్నపోతుని గీసింది నేను. ఏడు నెలల క్రితం, మా ఇంట్లో. నాకింకేం వద్దు, మూలన నా పేరు రాసుకోనివ్వండి, చాలు."

సభ నివ్వెరపోయింది. ఆచార్యుడు మాత్రం తొణకలేదు. శాస్త్రీయంగా తేల్చుకుందామని పలక తెప్పించి, గీసి చూపించమన్నాడు. రేపర్లాయన ఒక్క నిమిషంలో గీశాడు. బొమ్మ నవ్వుతోంది, మెలికలు తిరుగుతోంది, చేతికి నాలుగు వేళ్ళున్నాయి.

"నాలుగే!" అని ఆచార్యుడు విచారంగా తల ఊపాడు.

"అయిదోది నా పొరపాటండీ. డికాషన్ పొంగింది..."

"మహానుభావుడి వేలిని పొరపాటంటాడా!" అని వెనక వరసలో హెడ్మాస్టరు లేచాడు. ఛీ ఛీ అన్న కేకలు మొదలయ్యాయి. చచ్చిపోయిన పేదవాడి కీర్తి కొట్టెయ్యడానికి సిగ్గులేదా అని ఎవరో అడిగారు. రేపర్లాయన ముందు వరసకేసి చెయ్యి చాపాడు.

"మా అక్కనడగండి! కాగితాలు టీలో ముంచింది ఆవిడే. ఇస్త్రీ చేసింది ఆవిడే. అక్కా, నువ్వు చెప్పు!"

అక్కను వేదిక మీదకు తెచ్చారు. దీపాలార్పి, ఇది చిన్నప్పుడు చూశారా అని అడుగుతూ ఆవిడ ముందు ఇరవై సెకన్ల సినిమా వేశారు. అరిగిన పాత ఫిల్ములా తెరమీద గీతలు గీతలుగా వాన కురుస్తోంది. బుడుంగు బురదలోంచి లేచాడు. హాలంతా వెక్కిళ్ళు. ముసలివాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. అక్క ఆ తెరనూ, ఆ జనాన్నీ మార్చి మార్చి చూసింది.

"చూశాను," అంది చివరికి, ముక్కు చీదుతూ. "నాన్న తీసుకెళ్ళాడు. టికెట్టు నా గుప్పిట్లో పెట్టాడు."

చప్పట్లు అయిదు నిమిషాలు ఆగలేదు. యజమాని ఆవిడకు శాలువా కప్పాడు. రేపర్లాయనను క్షమించి, నలభై కాగితాల నకళ్ళు ఇచ్చి, అసలు బుడుంగులా గీయడం సాధన చేయమని ఆదేశించాడు.

ఇంటికెళ్ళే బస్సులో అక్క శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"నా కొంప ముంచావు కదే అక్కా," అన్నాడాయన. గొంతులో కోపం కూడా మిగల్లేదు.

"ఏం చెయ్యనురా? అంతమంది చూశారు. నేనొక్కదాన్నే చూడలేదంటే ఏం బావుంటుంది?"

"నాన్న మనల్ని వీధి చివరికైనా తీసుకెళ్ళలేదు."

"తీసుకెళ్ళాడు," అంది అక్క మొండిగా, కిటికీలోంచి బయటకు చూస్తూ. "నువ్వూ ఉన్నావు. నా ఒళ్ళో నిద్రపోయావు. అందుకే నీకు గుర్తులేదు."

రెండు స్టాపులు దాటాక అడిగాడు.

"దార్లో నాన్న నన్ను ఎత్తుకున్నాడా?"

"ఎత్తుకోక?"

మర్నాడు రేపర్లాయన పనిలోకి వెళ్ళేముందు అద్దాల బీరువా దగ్గర ఆగి, పుస్తకం తీయించి, చిన్నప్పుడు తండ్రి చంకెక్కి బుడుంగును చూడ్డానికి వెళ్ళిన జ్ఞాపకాన్ని నాలుగు ముక్కల్లో రాసి, కింద తన పేరంతా పొల్లు పోకుండా సంతకం చేశాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ ఫ్యాక్టరీలో ఆయన సంతకం పడినది అదొక్కచోటే. ఆ పుటలో కింద ఇంకా కాస్త ఖాళీ ఉంది. మీరు ఎక్కడ చూశారో కొంచెం నిదానంగా గుర్తుచేసుకుని వచ్చి రాయగలరు.