దొరసాని చేసిన లేజర్ వైద్యం

నవ్వండి, నవ్వండి. మీ పళ్లన్నీ ఉన్నాయి కాబట్టి మీకు నవ్వులాటగానే ఉంటుంది.

నాకు పైవరసలో ముందు పన్ను పుచ్చిపోతే పీకించుకున్నాను. అప్పట్నుంచీ నా పరువు ఆ సందులోంచే గాలితోపాటు బయటికి పోతోంది. నేను కర్రపుచ్చుకుని చిరుతని తరిమిన కథ మీకు తెలిసిందే కదా? సరిగ్గా "చిరుత" అనేచోటే ఈల వస్తోంది. ఈల వేస్తే వచ్చే చిరుతంటే ఎవరికి భయం చెప్పండి?

కొత్త పన్ను పెట్టించుకుందామని వెళ్తే డాక్టరమ్మ నోట్లోకి తొంగిచూసి, "బాబాయిగారూ, పన్ను తీసిన గుంటలో ఇంకా క్రిములున్నాయి. ముందు లేజర్‌తో శుభ్రం చెయ్యాలి. ఆ తర్వాతే ఎముకలో మర బిగించి, దానిమీద పన్ను కూర్చోబెడతాను. సాయంత్రం రండి. లేజర్ వేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి" అంది.

మరంటే నాకు బెదురు లేదు. వడ్రంగిని, బతుకంతా మరలు బిగించినవాణ్ణే. లేజర్ అనేసరికే గుండె జారింది. వీధి చివర సెలూన్ నడిపే రేడియో (నోరు తెరిస్తే ఆగడు కాబట్టి ఆ పేరు) నా గడ్డం గీస్తూ, "దాంతో ఇనప రేకులు కోస్తారు మామా! నీ దవడెంత?" అన్నాడు మరి.

ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను: "ఈ పన్ను వద్దులేవే. సందులోంచి గాలి హాయిగా ఆడుతోంది."

"భయమా?"

"భయమా? నాకా? కర్రపుచ్చుకుని చిరుతని..."

"తరిమారు. తెలుసు. దర్జీ దగ్గరికెళ్లి ఇట్టే వచ్చేస్తాను. ఇద్దరం కలిసి వెళ్దాం."

ఆవిడ అటు వెళ్లగానే నా బుర్ర వెలిగింది. మా పిల్లి దొరసాని ఆడుకోవడానికి మా అమ్మాయి పెన్నులాంటి దీపమొకటి కొనిచ్చింది. మీట నొక్కితే ఎర్రచుక్క పడుతుంది. దొరసాని ఆ చుక్క మీదికి ప్రాణాలకి తెగించి దూకుతుంది. అదీ లేజరేనని డబ్బా మీద రాసే ఉంది! ఇంట్లోనే క్రిముల్ని చంపేసుకుంటే డాక్టరమ్మ చూసి, "శుభ్రంగా ఉందే" అని తిన్నగా మర బిగించేస్తుంది.

అద్దం ముందు కూచున్నాను. లేజర్ వేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలని డాక్టరమ్మ చెప్పింది కదాని, మా ఆవిడ నల్లకళ్లద్దాలు తగిలించుకున్నాను. దాంతో అద్దంలో నేనే కనిపించలేదు, ఇంక గుంటేం కనిపిస్తుంది? నోరు బార్లా తెరిచి, ఉజ్జాయింపుగా మీట నొక్కాను.

నాకు కనిపించని చుక్క దొరసానికి కనిపించింది. నా ముక్కు మీద.

బీరువా మీంచి దూకింది చూడండీ! కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాను. బిగుసుకుపోయిన వేలు మీట వదిలితేనా? చుక్క పొట్టమీదికెళ్తే అదీ పొట్టమీదికే, మోకాలి మీదికెళ్తే మోకాలి మీదికే. "చచ్చాను రోయ్" అని అరిస్తే అందులోనూ ఈలే!

అప్పుడే తలుపు తెరుచుకుంది.

"ఏమిటండీ ఇది?"

"పిల్లిని ఆడిస్తున్నానే."

"నా కళ్లద్దాలు పెట్టుకునా? నోరు తెరుచుకునా?"

ఒక చేత్తో పిల్లినీ, ఇంకో చేత్తో దీపాన్నీ లాక్కుంది. దీపం వంక చూసింది, నా నోటి వంక చూసింది. ఇంక కడుపుబ్బా నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ముక్కుకి మందు రాసి, "పదండి, వేళవుతోంది" అంది.

డాక్టరమ్మ నా ముక్కు చూసి, "ఇదేమిటి బాబాయిగారూ?" అంది. నేను నోరు తెరిచేలోగా మా ఆవిడే, "పిల్లి గీరిందమ్మా. అది సరే గానీ, నాకీ లేజరంటే మహా భయం. ఈయన చెయ్యి పట్టుకుని కూచోనా?" అంది.

డాక్టరమ్మ నవ్వి, మా ఇద్దరికీ కళ్లద్దాలు పెట్టి, తనూ పెట్టుకుంది. సన్నటి పుల్లలాంటిది గుంటలో పెట్టింది. టిక్కు టిక్కుమంది, కాస్త వెచ్చగా తగిలింది.

"అయిపోయింది బాబాయిగారూ."

నేనింకా కళ్లు మూసుకునే ఉన్నాను.

బయటికొచ్చాక మా ఆవిడ తన వేళ్లు ఊదుకుంటూ నడిచింది.

"నీకంత భయమేమిటే?" అన్నాను.

"ఏం చెయ్యను? భయం నాది, వేళ్లూ నావే" అంది.

ఇంటికొచ్చి అరుగు మీద కూచున్నానో లేదో, రేడియో దిగాడు. "ముక్కుకేమైంది మామా?"

ఇటూ అటూ చూశాను. మా ఆవిడ వంటింట్లో ఉంది. "ఏం చెప్పమంటావురా! పొదలోంచి ఒక్కసారిగా చిరుత..."

"ఏమండీ!" లోపల్నుంచి కేక. "మీ చిరుత ఆకలేసి గోలపెడుతోంది. వచ్చి దాని గిన్నెలో పాలు పొయ్యండి!"

పొయ్యక చస్తానా? లేచి వెళ్లాను.