దశరథ చొక్కాకు అంటిన నీలం

తొంభై ఎనిమిది నాటి మాట. ఆ శుక్రవారం పొద్దున దశరథ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. హైదరాబాదు పోవాలి, చంకల్లో చెమట ఆపే కొత్త సూదులు వేయించుకోవాలి, సాయంత్రానికల్లా తిరుమలగిరిలో పిల్లను చూడాలి.

నల్లగొండ ఎండకు అందరికీ చెమట పడుతుంది. ఆఫీసు గుమాస్తా దశరథకు మాత్రం చలికాలంలోనూ చంకలు కారేవి. ఆ తడి చొక్కా చూసే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈ మూడోది తప్పకూడదు. ఒక పెళ్లిలో ఈ పిల్ల, అండాలు, నవ్వడం చూసినప్పటి నుంచి అతనికి మరో పిల్ల కంటికి ఆనడం లేదు. ఆమె తండ్రి, నూలుకు రంగులద్ది నేసే ధర్మయ్యేమో, "నౌకరోడు మగ్గం మర్శిపోతడు" అని ముందే మూతి ముడిచాడు.

డాక్టరు చంకల్లో అయోడిన్ పూసి, పైన పిండి చల్లాడు. చెమట ఉన్నచోటల్లా అది నల్లనీలంగా మారింది. అక్కడల్లా సూదులు పొడిచాడు.

"వారంలో చెమట ఆగిపోతుంది," అన్నాడు.

"వారమా సార్! పిల్లను చూసుడు ఇయ్యాల్నే!"

బస్సు పోతుందన్న తొందరలో, పిండి దులుపుకుని, నర్సు స్పిరిటుతో తుడిచేలోపే మెట్లు దిగేశాడు. తిరుమలగిరి బస్టాండులో తల్లి సావిత్రమ్మ తెల్లచొక్కాతో కాచుకుని ఉంటే, అక్కడే అది తొడుక్కున్నాడు. మగ్గమున్న ఇంటి ఇల్లాలు కదా, నూలుకు పెట్టినంత గంజి చొక్కాకూ పెట్టింది. ఆ గంజి వాసన, ఆ పెళపెళ ఇప్పుడెక్కడున్నాయి!

ధర్మయ్య ఇంట్లో కూర్చోగానే దశరథకు చెమట పోసింది. చంకలోని అయోడిన్ చొక్కా గంజికి తగిలింది; గంజీ పిండే కదా. ఓరకంట చూసుకుంటే ఏముంది, నీలం! చేతులు పక్కలకు బిగబట్టాడు. దండం తలతోనే పెట్టాడు. నీళ్లగ్లాసు దగ్గరికి మూతినే వంచాడు.

"పిలగాని చేతులు లేస్తలేవా ఏంది?" అంది అండాలు నాయనమ్మ నర్సింగమ్మ.

సావిత్రమ్మకు రోషం వచ్చింది. "నా కొడుక్కేం తక్కువ? గా దండెం మీది చీర తీసి చూపియ్యి కొడుకా!"

"వద్దమ్మా..."

"లెవ్వురా!"

లేచాడు. చెయ్యెత్తాడు. చంక కింది నీలం మరక అందరి కళ్లా పడింది. ధర్మయ్య దగ్గరికొచ్చి ఆ మరకను వేలితో రుద్ది చూశాడు. దశరథ ఈ సంబంధానికీ నీళ్లు వదులుకున్నాడు.

"నౌకరి చేసుకుంటనే నూలుకు రంగద్దుతున్నవా?" ధర్మయ్య కళ్లు చెమ్మగిల్లాయి. "కులపని ఇడువలే! అవ్వా, గీ పిలగాడే మన అల్లుడు!"

పదో తరగతి నుంచి నూలును రంగులో ముంచే కాగు ముఖం చూడని దశరథ, నోరు తెరవబోయిన తల్లి కాలు తొక్కి, "అవును మామా" అన్నాడు.

పెళ్లయిన నెలకు అండాలు నవ్వుతూ అడిగింది. "రంగద్దితె మోచేతులకు అంటుతది గాని, సంకలకెట్ల అంటింది? నాకు అప్పుడే అనుమానమొచ్చింది."

"మరి చెప్పలేదేంది?"

"మా బాపు ఒప్పుకున్నంక నేనెందుకు చెడగొడుత?"

సూదుల గుణం ఆర్నెల్లకు పోయింది గానీ, ఆదివారం ఆదివారం మామ రంగు కాగుల దగ్గరికి పిలవడం మాత్రం ఇరవై ఏళ్లు ఆగలేదు.