వైరస్‌కు ఇల్లు దొరికింది

వైరస్‌ను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది! ఊళ్లోని పెద్దమనుషులంతా ఒక ఎత్తు, వైరస్ ఒక్కటీ ఒక ఎత్తు.

నమ్మరా? తిరుపతిలో జయచంద్ర అని ఒక రీసెర్చ్ కుర్రవాడున్నాడు. మనుషుల జోలికి రాని వైరస్‌ను బంగారు తీగకు అతికించి కరెంటు పంపిస్తాడు. దాని మీద మూత్రం చుక్క వేస్తే, అందులో జబ్బు తాలూకు ప్రోటీన్ ఉంటే వైరస్ లటుక్కున పట్టేసుకుంటుంది. మీటర్ కదులుతుంది. చుక్క మంత్రిగారిదా, ముష్టివాడిదా అని అడుగుతుందా? సిఫార్సు లెటర్ తెమ్మంటుందా?

చికున్‌గున్యాతో ఊరంతా కుంటుతున్న ఆ వేసవిలో ల్యాబ్ ఫ్రిజ్ పాడైంది. వేడికి వైరస్ చస్తే ఏళ్ల చదువు మట్టిపాలే! జయచంద్ర ఐసు డబ్బా చంకన పెట్టుకుని, ఫ్రిజ్ ఉన్నవాళ్లింట్లో అద్దె గది కోసం బయలుదేరాడు. టు-లెట్ బోర్డు చూసి చంద్రకాంతమ్మగారి గేటు తట్టాడు.

ఆమె మోకాళ్లు పట్టుకుని వచ్చింది. "డబ్బాలో ఏముండాది నాయనా?"

అబద్ధం చేతగాని పిల్లవాడు. "వైరస్ అమ్మా."

కెవ్వున అరిచిందనుకున్నారా? ఎంత అన్యాయం! "అయ్యో పాపం, ఎండకు వాడిపోతాదే!" అని డబ్బా అందుకుని, తానే ఫ్రిజ్‌లో పెరుగుగిన్నె పక్కన పెట్టి వచ్చింది. జయచంద్రకు ప్రాణం లేచివచ్చింది. ఇక గది దొరికినట్టే అనుకున్నాడు.

అప్పుడు మొదలైంది అసలు టెస్టు. ఊరేది? పూతలపట్టు. ఊర్లో ఏ పక్క ఇల్లు? ఏమేం తింటారు? కులం మాత్రం అడగలేదు. అది మర్యాద కాదు!

"మీ నాయన పేరేంది?"

"ఏబెల్ అమ్మా."

మీటర్ కదిలింది! తీగ లేదు, కరెంటు లేదు, చుక్క రాల్చే పనే లేదు. గుమ్మంలోనే రిజల్టు! ఇక సైన్సువాళ్లకు ఈ వీధిలో ఏం పని, మీరే చెప్పండి?

"గది నిన్ననే ఇచ్చేస్తిమి నాయనా" అంది. టు-లెట్ బోర్డు ఆమె నెత్తిమీదే ఊగుతోంది.

జయచంద్ర తలెత్తి ఆ బోర్డు చూశాడు. "అట్లయితే నా డబ్బా ఇచ్చేయండమ్మా, పోతాను" అన్నాడు.

"డబ్బా ఉండనీలే అబ్బోడా. ఈ ఎండలో దాన్ని ఎత్తుకోని యాడ తిరుగుతావు?" అందా దయామయి.

కాబట్టి పాఠకులారా, మరుజన్మంటూ ఉంటే వైరస్‌గా పుట్టండి. తిరుపతిలో తలదాచుకోను చోటన్నా దొరుకుతుంది!