చార్మినార్‌కు రెండు సీట్లు

ఉదయం ఐదున్నరకు ఎల్లారెడ్డిలో బస్సెక్కి, కామారెడ్డిలో మారి, హైదరాబాదు చేరి, భార్య కృపారాణికి చార్మినార్ చూపించి, సాయంత్రం ఐదింటికల్లా తిరుగు బస్సు పట్టుకోవాలి. ఇదీ స్వామిదాసు పథకం. పెళ్లయిన ఏడాదే ఆమెకు మాటిచ్చాడు. ఆ మాటకు ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. బడిలో అటెండరు పని చేసే స్వామిదాసు అబద్ధమాడే మనిషి కాదు, ఆదివారం గుడి మానడు. జనమంటే భయం, అంతే. దేవుడు మనుషుల్ని వేర్వేరు ఊళ్లలో పుట్టించి, చివరికి అందరినీ ఒకే రోడ్డు మీదికి ఎందుకు తోలుతాడో అతనికి ఎన్నడూ అర్థం కాలేదు.

"ఈసారి సూపియ్యకపోతే ఇగ జిందగీల అడగ," అని కృపారాణి ముందురోజే తేల్చి చెప్పింది. ఆమె అడగడం కంటే అడగకపోవడమే ప్రమాదమని స్వామిదాసుకు తెలుసు.

హైదరాబాదులో దిగి, సిటీ బస్టాపులో జనాన్ని చూసేసరికి అతను కృపారాణి వెనక్కి జరిగాడు. అంతలో ఒక బస్సు వచ్చి ఆగింది. యాభై మంది దాని మీద పడ్డారు. స్వామిదాసు కామారెడ్డి బస్టాండులో నేర్చిన విద్య బయటికి తీశాడు. జేబులోని దస్తీ తీసి కిటికీలోంచి ఒక సీటు మీదికి, పక్క సీటు మీదికి కృపారాణి సంచి విసిరాడు. ఎవరి దస్తీ పడితే వాళ్లదే సీటు. ఆ న్యాయాన్ని కాదన్న మనిషి కామారెడ్డిలో ఇంకా పుట్టలేదు.

"ముందు బోర్డు సూడవయ్యా!" అంది కృపారాణి.

"బోర్డు సదివేలోపల సీటు పోతది!"

లోపల సంతోష్ అనే ఏజెంటు తలలు లెక్కపెడుతున్నాడు. "హమ్మయ్య, ఇద్దరు తక్కువైండ్రనుకున్న!" అన్నాడు.

"చార్మినార్ పోతదా బిడ్డా?"

"పనే ఆడ పెద్దనాయినా. కూసోండ్రి."

టికెట్ ఎవరూ అడగలేదు. ఆడవాళ్లకు టికెట్ లేదని తెలుసు గానీ, మగవాళ్లకు కూడా ఎప్పుడు తీసేశారో స్వామిదాసుకు తెలియదు. కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు.

గంట తర్వాత బస్సు ఊరవతల ఒక మైదానంలో ఆగింది. మధ్యలో చార్మినార్ నిలబడి ఉంది. కృపారాణి దాని చుట్టూ తిరిగి వచ్చింది.

"ఏందయ్యా, ఎనుకకెల్లి కట్టెలు ఆనిచ్చిండ్రు?"

"పాతదాయె. పడిపోకుంట పెట్టిండ్రు."

మైకులో ఒక గొంతు అరిచింది. "జూనియర్ ఆర్టిస్టులంతా రెడీ! మీరు సిటీ జనం. ఒకళ్లనొకళ్లు చూసుకోకండి, తోసుకుంటూ వెళ్లిపోండి! దొంగ మీ మధ్యలోంచి పారిపోతాడు, వెనకాల హీరో వస్తాడు. యాక్షన్!"

అది టీవీ సీరియల్ షూటింగని కృపారాణికి అర్థమైంది. మొగుడికి చెప్పేలోగా జనం అతన్ని లాక్కుపోయారు. స్వామిదాసుకు ఎవరి భుజమో తగిలింది. అతను ఆగాడు.

"తాకిందా అన్నా? ఏ ఊరు మనది?"

"కట్!"

రెండోసారి హీరో పరుగెత్తుకొచ్చాడు. "జరుగుండ్రి, జరుగుండ్రి, పాపం పిల్లగాడు అర్జంటుగ పోతుండు," అంటూ స్వామిదాసు రోడ్డంతా ఖాళీ చేయించాడు.

"కట్!"

మూడోసారి దొంగ వస్తే చొక్కా పట్టుకున్నాడు. "నడి బజార్ల గిట్ల ఉరుకుతవేంది? ఎవలన్న ముసలవ్వ పడితే?" వెనక వస్తున్న హీరోకు వాణ్ణి అప్పగించాడు కూడా.

డైరెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. కథ ప్రకారం ఆ దొంగ ఇంకా నలభై ఎపిసోడ్లు దొరకకూడదు.

"ఎవరండీ ఈయన? ఎవరు తెచ్చారు?"

"దస్తీ ఏసిండు సార్," అన్నాడు సంతోష్. అతని ఊరు కామారెడ్డి పక్కనే రామారెడ్డి. దస్తీ పడ్డాక లేపే ధైర్యం అతనికి లేదు.

కృపారాణి ముందుకొచ్చింది. "సారూ, మేం చార్మినార్ సూడనీకి వచ్చినం. ఐదు కొడితే మా బస్సు పోతది."

డైరెక్టరు రెండు చేతులూ జోడించాడు. "కారు తియ్యండి. వీళ్లను అసలు చార్మినార్ దగ్గర దింపి రండి. మళ్లీ ఇటు రాకుండా చూడండి!"

అలా రెండు గంటలకు వాళ్లు అసలు చార్మినార్ ముందు కారులో దిగారు. మధ్యలో నాలుగు మినార్లు, చుట్టూ ఇసుకేస్తే రాలని జనం. స్వామిదాసు తిరిగి కారెక్కబోయాడు. కారు అప్పటికే వెళ్లిపోయింది.

"కృపా, దూరంకెల్లి సూసినవ్ గదా. పోదాం పా. నాతోని కాదు."

"ఎందుకు కాదు? ఈడ కట్ అనేటోడు లేడు. తాకితే తాకు, పలకరిస్తే పలకరియ్యి. నీకొచ్చిన తీరుగనే నడువు," అని ఆమె అతన్ని జనంలోకి ఒక్క తోపు తోసింది.

స్వామిదాసు పోయి బెల్టులమ్ముకునే ఒకాయనకు గుద్దుకున్నాడు.

"తాకిందా అన్నా? ఏ ఊరు మనది?"

"నస్రుల్లాబాద్."

స్వామిదాసు కళ్లు పెద్దవయ్యాయి. "మా మేనత్తను ఇచ్చింది ఆడనే!" పక్కనే జామకాయలమ్మే నాగవ్వది ఎల్లారెడ్డి దగ్గరి మహమ్మద్‌నగర్. చాయ్ పోసేవాడికి బాన్సువాడలో చుట్టాలున్నారు. చూస్తే ఆ రోడ్డు మీద ఊరు లేని మనిషి ఒక్కడూ లేడు. వాళ్లను అడిగినవాడే ఇన్నాళ్లూ లేడు.

కృపారాణి పైకెక్కింది, దిగింది, నాలుగు వైపుల నుంచీ చూసింది. చర్చి సంఘంలోని ఆడవాళ్లందరికీ గాజులు కొంది. నాలుగున్నరకు వచ్చి చూస్తే స్వామిదాసు చాయ్ బండి దగ్గర పదిమంది మధ్యలో కూర్చుని ఉన్నాడు.

"లేవయ్యా, బస్సు పోతది!"

"ఉండవే, ఈయన బిడ్డ పెండ్లి ముచ్చట సగంలనే ఉన్నది."

ఆమె చెయ్యి పట్టి లాక్కుపోయి బస్సెక్కించింది. కామారెడ్డి దాకా అతను మళ్లీ ఎప్పుడు వద్దామని అడుగుతూనే ఉన్నాడు.

ఆదివారం గుడి బయట సంఘపెద్ద అబ్రాహాము అడిగాడు. "చార్మినార్ ఎట్లున్నది తమ్మీ?"

"మా ఆమెనడుగు అన్నా, నేను సూడలే," అన్నాడు స్వామిదాసు.