నీడలో ఎనభై ఎనిమిది

ఎండకు జబ్బు చేస్తుందనేది వట్టి పుకారు! అసలు ఎండంత ఆరోగ్యం మరొకటి లేదు. నమ్మకపోతే యాభైరెండు కరువులో డోన్ దగ్గర రోడ్డు పని చేయించిన ఓవర్సీరు శ్రీనివాసులు గారిని అడగండి. మే నెలంతా మూడువందల మంది చేత కంకర కొట్టించారు. ఒక్కరికైనా జలుబు చేసిందా?

అయినా ఎండంటూ ఉంటే గదా! నీడలో నూటపది డిగ్రీలు దాటితే పని ఆపాలని సర్కారు వారి రూలు. ఆ చుట్టుపక్కల రెండు మైళ్లలో నీడ ఉన్నది ఓవర్సీరు గారి డేరాలోనే. పాపం, థర్మామీటరు ఇంకెక్కడ తగిలిస్తారు? తడిపిన వట్టివేళ్ల తడికకూ నీళ్లకుండకూ నడుమ తగిలించారు. గంటగంటకూ కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూసి పుస్తకంలో రాసేవారు. ఎప్పుడు చూసినా ఎనభై ఎనిమిదే!

కూలీలు మాత్రం తలకాయ పగిలిపోతోందని ఒకటే గోల. తలకాయల్ని నమ్మాలా, ఇంగ్లండు నుంచి దిగిన థర్మామీటరును నమ్మాలా?

ఒకనాడు మిట్టమధ్యాహ్నం ఉరుకుందు అనే కూలీ సుత్తితో సహా కూలిపోయాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. చెమట చుక్క లేదు. ఏదేదో కలవరిస్తున్నాడు. అతని పెండ్లాం ఈరక్క డేరాకు పరుగెత్తింది.

"సామీ, మా ఇంటాయనకు ఎండదెబ్బ కొట్టినాది! సచ్చిపోతాండాడు! పని నిలపండి సామీ!"

"ఎనభై ఎనిమిదిలో ఎండదెబ్బ ఎట్లా కొడుతుందే? కండ్లు పెట్టి చూడు. ఇక్కడ ఎండే లేదు!"

చదువురానిది కదా, ఆ మాట పట్టుకుంది. నలుగురు ఆడవాళ్లతో మొగుణ్ణి మోసుకొచ్చి డేరాలో పండబెట్టింది. ఓవర్సీరు గారి కుండెడు నీళ్లూ అతని మీద కుమ్మరించింది. ఆయన కుర్చీని తీసుకుపోయి కంకర కుప్ప పక్కన వేయించింది.

"ఏయ్! ఇదేం పని?" అని ఆయన గుడ్లురిమారు.

"ఎండే లేదంటిరి గదా సామీ! మీకు యాడైనా ఒకటే. పోయి ఆడ కూర్చోండి. ఈ మనిషి లేసినాక వద్దురుగానీ."

సర్కారు కుర్చీ పాడైపోదూ? తెచ్చుకుందామని శ్రీనివాసులు గారు వట్టి తలతోనే బయలుదేరారు. పట్టుమని నలభై అడుగులు. తిరిగొచ్చేసరికి కళ్లు బైర్లు కమ్మాయి, నాలుక పిడచకట్టింది. రాయలేక రాయలేక ఆనాటి పుస్తకంలో రెండు ముక్కలు రాశారు.

"ఓవర్సీరుకు వడదెబ్బ. పని నిలిపివేయడమైనది."

పక్కనే ఉరుకుందు కళ్లు తెరిచి నీళ్లడిగాడు. పుస్తకంలో మాత్రం అతనికి ఇప్పటికీ ఏమీ కాలేదు.